నీలం క్రేన్ పక్కన

షూ దులిపితే ఇసుక రాలింది.

సన్నటి ఇసుక. కొంచెం ఎర్రగా... కాపెల్‌లో మా ఇంటి గరాజ్ మెట్టు మీద చారెడు పడింది. బయట టెక్సాస్ ఎండ. సూట్‌కేస్ ఇంకా కార్‌లోనే ఉంది.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నా మొహమే చూస్తోంది.

ఏం చెప్పను?

ఆ ఊరు చూశానని చెప్పనా? ఎడారి మధ్యలో నిలబెట్టిన గాజు ఊరు. అబ్బో, ఏం ఊరు! మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాను. మాల్‌లో మంచు కురుస్తోంది, బయట కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. బస్టాప్‌కి కూడా ఏసీ. డ్రైవర్ లేని రైలు. సముద్రంలో ఇసుక పోసి చేసిన దీవి. రోడ్డు పక్కన పూలు... ప్రతి మొక్క మొదట్లో ఓ నల్ల పైపు, చుక్క చుక్కగా నీళ్లు.

మొక్కమొక్కకీ లెక్క ఉంది ఆ ఊళ్లో.

మనిషికే లేదు.

నాన్న అక్కడికి వెళ్లినప్పుడు నేను చిన్నదాన్ని. లక్ష్మీకాంతం ఆయన పేరు. సెంట్రింగ్ పని. కాంక్రీటు గట్టిపడేదాకా చెక్కలు బిగించి ఉంచడం, గట్టిపడ్డాక ఊడదీసి పై అంతస్తుకి మోసుకుపోవడం. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. ఎక్కడుంటావు నాన్నా అంటే ఒకటే మాట.

"నీలం క్రేన్ పక్కనేనమ్మా. ఎవర్నడిగినా చెబుతారు."

ఒక శుక్రవారం ఫోన్ రాలేదు.

తర్వాత ఏ శుక్రవారమూ రాలేదు.

శవం రాలేదు. కబురూ రాలేదు. నేను పెద్దదాన్నయ్యాను, చదువుకున్నాను, ప్లేనోలో జాబ్ వచ్చింది, అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. అమ్మ రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటూనే ఉంది. రూపాయి కాసంత బొట్టు.

ఇప్పుడు మా ఊరి నుంచి బాబాయి ఫోన్ల మీద ఫోన్లు. "పన్నెండేళ్లు నిండాయి వదినా. ఇక పోయినట్టే లెక్క. మోదుగాకులతో అన్నయ్య బొమ్మ చేసి దహనం చేసేద్దాం. నువ్వూ... చెయ్యాల్సినవి చెయ్యాలి."

అక్కడ ఆకులు కాలాలి. ఇక్కడ అమ్మ బొట్టు తీసెయ్యాలి.

"ఒక్కసారి వెళ్లి చూసి రావే," అంది అమ్మ. "నువ్వు లేడంటే, సరేనంటాను."

నా నోటి మీద పెట్టింది. ఎంత పని చేశావమ్మా!

వెళ్లాను. నీలం క్రేన్ కోసం వెళ్లాను. తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. పాల ప్యాకెట్‌కి కూడా జీపీఎస్ పెట్టుకుని డ్రైవ్ చేసేదాన్ని, ఓ క్రేన్ గుర్తు పట్టుకుని మనిషిని వెతకబోయాను. మేడ లేచాక క్రేన్ వెళ్లిపోతుందని ఆయనకి తోచలేదు. నాకూ తోచలేదు.

నాన్న ఫోటో ఒకటుంది. చెక్కల మీద కూచుని, నవ్వుతూ. వెనకాల ఒట్టి స్తంభాలు. ఆ స్తంభాలన్నిటికీ ఇప్పుడు గాజు తొడిగారు. ఏది ఆయనదో! ఒక్కో మేడ కిందా నిలబడి ఫోటో ఎత్తి చూశాను. సెక్యూరిటీ అతను పొమ్మన్నాడు. పక్కదాని కిందకి పోయాను.

ఆస్పత్రుల్లో ఆ పేరు లేదన్నారు. జైల్లో లేదన్నారు. ఎవర్నడిగినా చెప్పలేదు నాన్నా...

ఊరి చివర, పనివాళ్ల క్యాంపు దగ్గర తెలుగు వినపడితే ప్రాణం లేచొచ్చింది. జగిత్యాల అతను. ఫోటో చాలాసేపు చూశాడు.

"గిట్ల కూసొని ఫోటో దిగనోడు ఈడ ఎవ్వడు లేడక్కా."

ఫోటో తిరిగిచ్చి బస్సెక్కాడు.

ఉంటే ఇన్నాళ్లు ఫోన్ చెయ్యడా? లేడు. నాకు తెలుసు. ఫ్లైట్‌లో వస్తున్నంతసేపూ తెలుసు. నోరే రావట్లేదు.

"నీలం క్రేన్ కనపడిందా?" అంది అమ్మ.

నుదుట బొట్టు. పొద్దున పెట్టుకున్నదే... ఇంకా చెక్కు చెదరలేదు.

"ఊరు చాలా పెద్దదమ్మా."

అమ్మ మెట్టు మీద కూలబడింది. రాలిన ఇసుకని చేత్తో దగ్గరికి తీసింది. గుప్పిట్లోకి ఎత్తుకుంది. పారెయ్యలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది.

లోపల ఫోన్ మోగుతోంది. బాబాయే. మోగి ఆగింది... మళ్లీ మోగుతోంది.

నేను రెండో షూ విప్పాను.

దులిపితే ఇసుక రాలింది.