తడి మీద పెట్టిన లప్పం

"ఆ టీచరుగారి పడవ మీద పనికొచ్చేవన్నీ విప్పుకుని రా. తెరచాప జాగ్రత్త, నలగకూడదు" అన్నారు మా ఆయన, ఆదివారం పొద్దున్న బూట్ల తాళ్లు బిగించుకుంటూ. బజారుకెళ్లి కూరలు తెమ్మన్నంత తేలిగ్గా అన్నారు. గిన్నెలు తోముతున్న నేను సరే అన్నాను. పడవల విషయంలో పదకొండేళ్లుగా నేను అన్న మాట అదొక్కటే. నోటికి అలవాటైపోయింది.

సరస్సు ఒడ్డున పడవల క్లబ్బులో మాకో చిన్న తెరచాప పడవ ఉంది. ఇద్దరు పడతారు. మాకు ఉంది అంటే ఆయనకి ఉంది. నడిపేది ఆయన, బాగోగులు చూసేది నేను. ఏటా ఎండలు ముదరకముందే దాన్ని బోర్లించి, ఉప్పుకాగితంతో అరగదీసి, బీటలకి లప్పం పెట్టి, మూడు పూతలు వార్నిష్ వేస్తాను. తెరచాప చిరిగితే మిషన్ మీద కుడతాను. దానికి తొడుగూ, తాళ్లు పెట్టుకునే సంచులూ పాత రెయిన్‌కోట్లు కత్తిరించి నేనే కుట్టాను. సోమవారం ఆఫీసులో ఫైలు అందిస్తుంటే గోళ్లలో వార్నిష్ చూసి పక్క సీటావిడ "ఇల్లు గాని కట్టిస్తున్నారా?" అంటుంది. చేతులు బొబ్బలెక్కాయని ఒకసారి ఇంట్లో అంటే మా అత్తగారు "వాడికున్నదే ఒక్క సరదా. కాస్త సాయం చేస్తే అరిగిపోతావా?" అన్నారు. క్లబ్బులో ఆయన్ని కెప్టెన్ అంటారు. బాగా చూసుకున్న పడవకి ఇచ్చే వెండిపూత పళ్లెం మూడేళ్లుగా ఆయనకే. నేను చప్పట్లు కొడతాను. మొదట్లో మనస్ఫూర్తిగానే కొట్టేదాన్ని. ఆ పడవలో చుక్కాని దగ్గర మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. "నీకు కళ్లు తిరుగుతాయి" అన్నారు పెళ్లైన కొత్తలో. తిరుగుతాయో లేదో నేనూ చూసుకోలేదు.

ఇదంతా నా మీద జాలి పుట్టించడానికి చెప్పడం లేదు. జాలి పడాల్సింది వేరే మనిషి మీద.

ఆవిడ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పటి కోరికట, ఒక పాత చెక్క పడవ కొనుక్కున్నారు. దాని అడుగున జానెడు బీట. పోయిన నెల మా పడవ దగ్గరికొచ్చి, చేతిలో చిన్న నోటుపుస్తకం పట్టుకుని, మా ఆయన్ని అడిగారు. "ఇందాకే ఒడ్డుకి లాగించానండీ. ఇంకా తడిగా ఉంది. ఎన్నాళ్లు ఆరాలి?"

"ఆరేదేముందండీ, పొడిగుడ్డతో తుడిచి లప్పం పెట్టెయ్యండి. పైన పెయింటు. సాయంత్రానికి నీళ్లలో దింపొచ్చు."

ఆవిడ బుద్ధిగా రాసుకున్నారు. నేను వెనకే నించుని వింటున్నాను. తుడిస్తే పైతడి పోతుంది, చెక్క లోపలి తడి పోదు. కనీసం మూడు నాలుగు రోజులు నీడలో ఆరాలి. ఆరాక కూడా ఒక ప్లాస్టిక్ కాగితం ముక్క బీట మీద పరిచి, నాలుగు పక్కలా టేపు వేసి, మర్నాడు చూడాలి. లోపల ఆవిరి పట్టి ఉంటే ఇంకా తడి ఉన్నట్టే. మొదటి రెండేళ్లు మా పడవకి పెట్టిన లప్పమంతా పెచ్చులుగా ఊడిపోతే, ఏడ్చి ఏడ్చి నేను కనిపెట్టుకున్న పద్ధతి అది.

"అది కాదండీ" అన్నాను. అక్కడిదాకా వచ్చాను.

ఆయన వెనక్కి తిరక్కుండానే "ఫ్లాస్కులో టీ ఉందేమో చూడు, టీచరుగారికి ఇద్దాం" అన్నారు.

వెళ్లి చూశాను. ఉంది. పోసి ఇచ్చాను. ఆవిడ నాకు థాంక్స్ చెప్పారు. తర్వాతైనా చెప్పి ఉండొచ్చు. ఆవిడ ఫోన్ నంబరు క్లబ్బు గోడ మీదే ఉంది. ఒక రోజు నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను కూడా. చెప్తే ఆయన పరువేం కాను అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇవాళ నా మొహం నేనే చూసుకోలేకపోతున్నాను.

రెండు వారాలకి సరస్సు మధ్యలో లప్పం ఊడిపోయింది. బోల్తాపడిన పడవని పట్టుకుని ఆవిడ గంటసేపు నీళ్లలో ఉన్నారు. చేపలవాళ్లు చూసి లాక్కొచ్చారు. కుడి మణికట్టు విరిగింది. ఆ వారం క్లబ్బు వరండాలో మా ఆయన "చెప్పడం వరకే మన పని. చేసే చెయ్యి సరిగ్గా ఉండాలి కదా" అన్నారు. అందరూ నవ్వారు. నేను ప్లేట్లు అందిస్తున్నాను. నవ్వలేదని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది, ఎందుకంటే పెదవులు కదిలాయి.

ఆవిడ పడవ వదిలేస్తానన్నారు. మన పడవకి విడిభాగాలు పనికొస్తాయన్నారు ఈయన. అందుకే ఈ ఆదివారం పానాల సంచితో నేను ఆవిడ షెడ్డుకి వెళ్లాను.

టీచరుగారు చేతికి కట్టుతో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. "రా అమ్మా. నీకు శ్రమ. మీ సారు చెప్పింది చెప్పినట్టే చేశాను. రెండుసార్లు తుడిచాను కూడా. నా చెయ్యే మంచిది కాదు. ఎంతమంది చేత అక్షరాలు దిద్దించానో, ఒక్క బీట పూడ్చలేకపోయాను."

పానా బోల్టుకి తగిలించాను. తిప్పబుద్ధి కాలేదు.

"మీ చెయ్యి తప్పు కాదండీ. తడి చెక్క మీద లప్పం పట్టదు. ఎవరు పెట్టినా ఊడుతుంది."

"నీకెలా తెలుసు?"

"మా పడవ పనంతా నేనే చేస్తాను."

ఆవిడ నా వేళ్ల వంక చూశారు. "ఆ రోజు ఆయన చెప్తుంటే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరేం చేశావు?"

"మీకు టీ పోశాను."

తిడితే బాగుండేది. ఆవిడ కట్టు మీద దారప్పోగులు సర్దుకున్నారు. "నీళ్లలో ఉన్నంతసేపూ భయం కన్నా సిగ్గే ఎక్కువేసింది నాకు. ఇంత చిన్న పని చేతకానిదానికి ఈ ముచ్చటేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను."

ఆయన తెలియక చెప్పారు. నేను తెలిసి ఊరుకున్నాను. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో నాకు తెలుసు. క్షమించమన్నాను.

"నా చెవిలో చెప్తే నాకేం ఒరుగుతుంది? అందరూ నా మీద నవ్వింది వరండాలోనట" అన్నారు ఆవిడ.

పానా సంచిలో వేసి లేచాను. ఆవిడ కూడా నా వెనకే వచ్చారు.

వరండాలో ఆయన, క్లబ్బు సెక్రటరీ, ఇంకో నలుగురు ఉన్నారు. "అప్పుడే అయిపోయిందా?" అన్నారు ఆయన. లేదన్నాను. స్తంభం పట్టుకున్నాను. టీచరుగారికి ఆయన చెప్పిన పద్ధతి తప్పని, తడి చెక్క మీద లప్పం నిలవదని, మా పడవ మరమ్మతులో ఆయన ఏనాడూ చెయ్యి పెట్టలేదని, తప్పని తెలిసి కూడా ఆ రోజు నేను నోరెత్తలేదని, ఆవిడ మునిగింది నా వల్లేనని అన్నాను. గొంతు పీలగా వచ్చింది. చివరి మాట వాళ్లకి వినిపించిందో లేదో.

సెక్రటరీ ఇబ్బందిగా నవ్వాడు. "ఏంటి కెప్టెన్‌గారూ, మేడమ్ మీ పదవికే ఎసరు పెట్టేలా ఉన్నారు. ఓ పని చెయ్యండి. చెక్క లోపల ఆరిందో లేదో ఎలా తెలుస్తుందో మీరే చెప్పండి. గొడవ వదిలిపోతుంది."

ఆయన గొంతు సవరించుకున్నారు. సరస్సు వైపు చూశారు. తర్వాత, ఇంట్లో కళ్లజోడు కనబడనప్పుడు చూసినట్టు, మామూలుగా నా వైపు చూశారు. జవాబు అందివ్వమని.

నేను నోరు మూసుకున్నాను.