మిర్యాలగూడలో ఏం జరిగింది

పుష్పాబాయికి అనుమానం మొదలైంది చాయ్ దగ్గర. ఆదివారం మిర్యాలగూడలో బాక్సింగ్ పోటీలున్నాయని వెళ్లి వచ్చిన కూతురు అనూష, సోమవారం పొద్దున చాయ్‌లో చక్కెర వేసింది, కలిపింది, మళ్లీ వేసింది. మూడోసారి డబ్బా అందుకోబోతుంటే తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏమైందే నీకు?"

"ఏం కాలే యాడీ. నిద్ర సాల్లేదు." తండాలో పిల్లలంతా అమ్మను యాడీ అనే పిలుస్తారు.

కోదాడ పక్క అనంతగిరి దగ్గరి తండా వాళ్లది. పుష్పాబాయి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త ఫూల్‌సింగ్ వరికోత మిషన్ నడుపుతూ కోతల కాలమంతా ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. అనూష కోదాడలో ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ అయ్యాక జవహర్ అనే కోచ్ దగ్గర బాక్సింగ్ నేర్చుకుంటోంది.

ఆ రోజు నుంచీ పుష్పాబాయి కూతుర్ని కనిపెడుతూనే ఉంది. కిటికీలోంచి వెలుతురు పడితే మొహం తిప్పుకుంటోంది. కుక్కర్ కూతేస్తే చెవులు మూసుకుంటోంది. బుధవారం బస్సులో నిద్రపోయి, దిగాల్సిన చోటు దాటి రెండు ఊళ్ల అవతల దిగింది. ఫోన్ మోగితే మాత్రం పెరట్లోకి వెళ్లి మాట్లాడుతోంది. ఎవడో పిల్లగాడు తగులుకున్నాడనుకుంది తల్లి. ఆ బుధవారం రాత్రే అనూష స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ తీసి, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

"శనివారం దాకా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు." పంపింది జవహర్ సార్.

 నలభై ఏళ్ల మగవాడు పదిహేడేళ్ల పిల్లకు ఇంట్లో చెప్పొద్దని ఎందుకు రాస్తాడు? 

మర్నాడు చెప్పా పెట్టకుండా కోదాడ బస్సెక్కింది. జవహర్ పిల్లలకు నేర్పేది రైస్‌మిల్లు వెనక ఒక పాత గోదాంలో. బయట ఎండలో అనూష రెయిన్‌కోటు తొడుక్కుని స్కిప్పింగ్ చేస్తోంది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. తల్లిని చూసి కూడా ఆగలేదు.

"ఎండల రెయిన్‌కోటేంది సారు?"

"బరువు తగ్గాలమ్మా. ఎల్లుండి సూర్యాపేటలో సెలెక్షన్స్. కిలోన్నర ఎక్కువుంది" అన్నాడు జవహర్.

"నీళ్లన్న తాగనియ్యరా?"

"తూకం అయ్యాక తాగుతుంది. మేమూ ఇట్లాగే పైకొచ్చాం."

"మిర్యాలగూడల ఏమైంది?"

అతని చూపు ఒక్క క్షణం అనూష మీదికి పోయి వచ్చింది. "ఏమవుతుంది? బాగా ఆడింది."

"మరి ఇంట్లో చెప్పొద్దని ఎందుకు రాసిన్రు?"

జవహర్ నవ్వాడు. "మీరు భయపడతారని. చిన్న దెబ్బలు మామూలేనమ్మా."

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. వెళ్లిపోతున్నట్టే బయల్దేరి కుళాయి దగ్గర ఆగింది. అక్కడ నవ్య అనే పిల్ల చేతికి చుట్టిన పట్టీలు విప్పుకుంటోంది.

"బిడ్డా, నిజం చెప్పు. సారు మా పిల్లతోని ఎట్లుంటడు?"

నవ్యకు ఆ ప్రశ్నలోని భయం అర్థమైంది. "అట్లాంటిదేం లేదు ఆంటీ. ఆ విషయంలో సార్ మంచోడే. కానీ…" వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "అనూష బరువుకు సరిపోయే పిల్ల అక్కడ దొరకలేదు. పది కిలోలు ఎక్కువున్నామెతో ఆటకు దింపారు. రెండో రౌండులో వెనక్కి పడింది, తల నేలకు గట్టిగా తగిలింది. లేచాక 'ఇది ఏ ఊరు' అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. సార్ మొహాన నీళ్లు కొట్టి మూడో రౌండు కూడా ఆడించారు."

 పుష్పాబాయి భయపడింది ఒకటి, జరిగింది ఇంకొకటి.

ఇంట్లో ఆ సాయంత్రం పెద్ద గొడవే అయింది. "సెలెక్షన్ పోతే ఏడాది పోతది. సార్ నన్ను నమ్మిండు, నువ్వే నమ్మవు!" అని అనూష తలుపేసుకుంది.

శనివారం కూతురి వెంటే సూర్యాపేట వెళ్లింది పుష్పాబాయి. ఆటకు ముందు పరీక్ష చేసే డాక్టర్ శైలజ తలెత్తకుండానే అడిగింది. "ఈ మధ్య తలకు దెబ్బ తగిలిందా?"

"లేదు మేడం" అన్నాడు జవహర్. అనూష నేల చూసింది.

"తగిలింది డాక్టరమ్మా" అంది వెనక నుంచి పుష్పాబాయి.  "పోయిన ఆదివారం మిర్యాలగూడల పడ్డది. ఏ ఊరో కూడ ఎరుకలేదంట."

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. ఐదు మాటలు చెప్పి, కాసేపాగి వాటిని తిరిగి చెప్పమంది. అనూష రెండే చెప్పగలిగింది. ఒంటికాలి మీద నిలబడమంటే తూలింది. పోటీ జాబితాలోంచి ఆమె పేరు కొట్టేసి, దవాఖానకు పంపించారు. స్కానింగ్‌లో రక్తం గడ్డేమీ కనిపించలేదు. నెల రోజులు పూర్తి విశ్రాంతి, డాక్టర్ ఒప్పుకునేదాకా గ్లవుజులు ముట్టొద్దన్నారు. అనూష పది రోజులు తల్లితో మాట్లాడలేదు.

పదకొండో రోజు జవహర్ తండాకు వచ్చాడు. దెబ్బ సంగతి దాచినందుకు బాక్సింగ్ సంఘం వాళ్లు అతన్ని సంజాయిషీ అడిగారట. చేతిలో ఒక కాగితం. "చిన్న సంతకమమ్మా. తర్వాత పాప సెలెక్షన్ సంగతి నేను చూసుకుంటా."

"ఏం రాసుంది దాంట్ల?"

అతను జవాబు చెప్పేలోపే అనూష కాగితం లాక్కుని చదివింది. తాను ఇంట్లో బాత్రూంలో జారిపడ్డానని, కోచ్‌కు ఆ సంగతి తెలియదని ఉంది. ఆ పిల్ల మొహం తెల్లబోయింది.

"సార్, నేను ఇంట్ల పడలే కదా."

"నీ కోసమేనే. నేను నీ వయసులో పడ్డప్పుడు మా సారూ ఇట్లాగే లేపి ఆడించారు. నాకేం కాలేదు." వచ్చినప్పటి నుంచి ఈ మాట అనడం ఇది మూడోసారి. చాయ్‌లో మళ్లీ మళ్లీ చక్కెర వేసిన కూతురు గుర్తొచ్చి, పుష్పాబాయి అతని కళ్లలోకి అనుమానంగా చూసింది. ఏం కాలేదా, నిజంగానే?

అనూష కాగితాన్ని మడిచి అతని చేతిలో పెట్టింది. ఆ మధ్యాహ్నమే తల్లి పక్కన కూర్చుని జరిగిందంతా తన చేత్తో రాసి సంఘానికి పంపింది. సాక్షిగా నవ్య కూడా సంతకం చేసింది. జవహర్‌ను ఏడాదిపాటు పోటీలకు పిల్లల్ని తీసుకురావద్దన్నారు.

మూడు నెలల తర్వాత డాక్టర్ సరేనన్నాక, సూర్యాపేటలో ఒక మహిళా కోచ్ దగ్గర అనూష చేరింది. మొదటి రోజు పుష్పాబాయి ఆమెను ఒక్కటే అడిగింది. "మా పిల్ల పడితే ఏం చేస్తరు మేడం?"

"ఆట ఆపేస్త. మీకు ఫోన్ చేస్త."

ఇద్దరూ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. పుష్పాబాయి ఆమె ఎదుటే ఆ నంబరుకు ఫోన్ కొట్టింది. కోచ్ జేబులో ఫోన్ మోగేదాకా కట్ చేయలేదు.