కుర్చీ కాలి కింద కొలతలు

వెనక వీధి చెప్పుల కొట్లో కంప్యూటర్ కాలిపోయిన రోజు నుంచి దర్జీకి ముద్ద దిగటం లేదు. ఇరవై రెండేళ్లుగా తన దగ్గర కుట్టించుకున్న వాళ్ల కొలతలన్నీ తన కొట్లోని కంప్యూటర్లోనే ఉన్నాయి. కొలతలంటే ఒట్టి అంకెలు కావు. 'ఎడమ భుజం అర అంగుళం దిగువ, ఈ సంగతి ఆయనతో అనకూడదు.' 'టేపు చూడగానే ఊపిరి బిగబడతాడు, కబుర్లలో పెట్టి తీసిన నడుము ఇది.' అవి పోతే ఊరంతా మళ్లీ ఊపిరి బిగబడుతుంది, కోట్లన్నీ బిగుతవుతాయి, కొట్టు మూతపడుతుంది.

కాబట్టి ఇంకోచోట ఒక నకలు ఉండాలి. ఇంటర్నెట్‌లో దాచిపెడతామంటూ ఒకాయన వచ్చాడు. ఎక్కడ దాస్తారని అడిగితే "ఎక్కడైనా ఉంటుంది సార్" అన్నాడు.

"అడ్రసు లేనివాడికి ఊరి నడుములు అప్పజెప్పనా?" అని దర్జీ అతన్ని సాగనంపి, చుట్టాల ఇళ్ల పట్టిక గీశాడు. నిప్పు, నీళ్లు, దొంగ అని మూడు గడులు.

"మా అక్కయ్య ఇంట్లో నిప్పు భయం లేదు. పొయ్యి వెలిగిస్తే కదా."

"మరి మా తమ్ముడు?" అంది భార్య, గుండీ కుడుతూ.

"దొంగల భయం లేదు. ఒకసారి వచ్చినవాడు జాలిపడి తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు."

"మీ వదినగారు?"

"నీళ్ల భయం లేదు. వాళ్ల కుళాయి ఎప్పుడు వచ్చింది గనక."

ఒక్కో ఇంట్లో ఒక్కో భయమే లేదు గనక మూడిళ్లూ కావాలని తేల్చాడు. మూడు డిస్కులు కొన్నాడు. అరచేతిలో ఇమిడే ఇనుప బిళ్లలు. మేడ మీంచి పడేసినా చెక్కుచెదరవని అమ్మినవాడు చెప్పాడు. కొలతలన్నీ మూడింట్లోకీ ఎక్కించాడు. "ఊరి పరువు మీ చేతిలో పెడుతున్నాను" అంటూ ముగ్గురికీ తలొకటి ఇచ్చాడు.

వారం తిరక్కుండా ఆడపడుచు వచ్చింది. దర్జీ కింద కొట్లో ఉన్నాడు. మేడ మీద ఇంట్లో భార్య ఒక్కతే ఉంది.

"మరదలా, ఇది ఇంట్లో ఉంటే నాకు కునుకు పట్టటం లేదు. స్నానానికి వెళ్లినా వెంట పట్టుకెళ్తున్నాను. నీ దగ్గరుంచు. మా తమ్ముడికి చెప్పకు, చేతకానిదాన్నంటాడు."

సరేనని దుప్పట్ల అలమరలో పెట్టింది. మర్నాడు తోడికోడలు వచ్చింది.

"చెల్లీ, దీన్ని నాలుగుసార్లు దాచాను, నాలుగుసార్లూ ఎక్కడ దాచానో మర్చిపోయాను. నీ మరిదికి తెలిస్తే నవ్వుతాడు" అనేసి నాలిక్కరుచుకుంది. "నా మరిదికి. చూశావా, ఇంకా వణుకు తగ్గలేదు."

అదీ అలమరలోకే వెళ్లింది. ఆ సాయంత్రం తమ్ముడు.

"అక్కా, మా ఇంటి ముందు ఎవడు ఆగినా దీనికోసమే అనిపిస్తోంది. బావకి చెప్పావో, ఇక నేనీ గడప తొక్కను."

మూడో డిస్కు చేతిలో పట్టుకుని ఆమె అలమరకేసి చూసింది. అలమరకి సరిగ్గా కిందే కొట్లో కంప్యూటర్ ఉంది. చెబితే ఆయన ముగ్గురితోనూ మాటలు మానేస్తాడు. చెప్పకపోతే ఇరవై రెండేళ్ల కష్టం ఒక్క కప్పు కిందే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. విలువ తెలిసిన ప్రతివాడూ భయపడి తెచ్చిచ్చేస్తున్నాడని ఆమెకు అర్థమైంది.

మర్నాడు మెడకు చుట్టే గుడ్డలు ఇవ్వడానికి రెండు వీధుల అవతల సెలూన్‌కు వెళ్లింది. కుర్చీ ఊగుతోంది.

"ఏ అట్టముక్క పెట్టినా నలిగిపోతోందమ్మా. నిన్న ఒకాయన మీసం సగం పోయింది" అన్నాడు సెలూన్ ఆయన.

ఆమె సంచీలోంచి ఆ మూడో ఇనుప బిళ్ల తీసింది. "ఇది పెట్టి చూడు."

కుర్చీ కొండలా నిలబడింది.

రెండు నెలలకి మేడ మీద నీళ్ల ట్యాంకు పగిలింది. నీళ్లు అలమరలోంచి, దుప్పట్లలోంచి, కప్పులోంచి కారి కంప్యూటర్‌ను ముంచాయి. దర్జీ చిరునవ్వుతో ముగ్గురికీ ఫోన్ చేశాడు. "మీ దగ్గరున్నవి పట్టుకు రండి. ఇందుకేగా దాచింది."

ముగ్గురూ వట్టిచేతులతో వచ్చారు. ఎవరికి వారు తమ ఒక్కరి గుట్టే అనుకుని ఆమె మొహంకేసి చూశారు. అలమరలోవి రెండూ నాని పాడయ్యాయని ఆమె అప్పటికే చూసుకుంది.

"ముగ్గురివీ నేనే తెప్పించి ఒకచోట పెట్టాను. తెస్తానుండండి" అని చెప్పులేసుకుంది.

సెలూన్‌లో ఒకాయనకి ఒక చెంప గడ్డం అయింది, రెండోది సబ్బు నురగలో ఉంది.

"ఈ చెంప అయ్యేదాకా ఆగమ్మా, కుర్చీ కదిలితే గొంతు తెగుతుంది."

ఊరి నడుములన్నీ ఆ ఒక్క చెంప కోసం పావుగంట ఆగాయి.

కొత్త కంప్యూటర్లో డిస్కు పెట్టగానే ఎడమ భుజాలూ బిగబట్టిన ఊపిర్లూ వరసగా కనిపించాయి. తప్పిపోయినవి ఈ రెండు నెలల్లో వచ్చిన పదకొండుమందివే. దర్జీ కళ్లు తుడుచుకుని, ఇది ఎక్కడ దాచావని అడిగాడు. ఆమె అతన్ని వెంటబెట్టుకుని డిస్కుతో సహా సెలూన్‌కు బయల్దేరింది.

"వచ్చారా? ఆ ముక్క లేక పొద్దుట్నుంచీ ఒక్క గడ్డం సరిగ్గా రాలేదు" అన్నాడు సెలూన్ ఆయన.

"అది ముక్క కాదయ్యా, అది..." అని దర్జీ మొదలుపెట్టాడు.

భార్య అతని కాలు గట్టిగా తొక్కింది. వంగి, కుర్చీ కాలి కింద డిస్కు దూర్చి, ఊపి చూసి లేచింది.

"ఏ అట్టముక్కకన్నా గట్టి ముక్కే" అన్నాడు దర్జీ, కుంటుకుంటూ బయటికి నడుస్తూ.