మంచం మీది ఇంటికప్పు

వాన పడితే మిస్ ఐవరీన్ తడిసి చచ్చిపోతుందనీ, ఆ పాపం తన మెడకే చుట్టుకుంటుందనీ జోనెల్ భయం. కడుపున పుట్టిన పసిదానికి జ్వరం కాసినప్పుడు కూడా ఆమె ఇంతగా భయపడలేదు.

కింగ్‌స్టన్‌లో పాటల రికార్డులు ఒత్తే కార్ఖానా మూతపడ్డాక, అక్కడ రికార్డు మీద పాటను ముద్రవేసే గుండ్రటి నికెల్ అచ్చులను జనం తలా ఒకటి పట్టుకుపోయారు. ఉప్పుగాలికి తుప్పు పట్టని రేకు మరి! కోళ్లగూటి మీద ఒకటి, నీళ్లపీపా మీద ఒకటి మూతగా పెట్టుకున్నారు. ఇప్పుడవి దొరకడం గగనం. పాత పాటల్ని మళ్లీ ఒత్తించుకోవాలని పైదేశాల వాళ్లు వాటికోసం పడిచస్తున్నారు. జోనెల్ బడి మధ్యలో మానేసిన పిల్లే గానీ, చూపు మాత్రం డేగచూపు. ఏ అచ్చులో మెరుపు చావలేదో ఇట్టే పట్టేసేది. తెచ్చి, వాటిని కొని పైదేశాలకు పంపే వింటన్‌కు అమ్మేది.

కాలువ అవతల మిస్ ఐవరీన్ ఒంటరి ముసలమ్మ. ఆమె మంచానికి సరిగ్గా పైన, కప్పు చిల్లు మీద అలాంటి అచ్చొకటి మేకులతో బిగించి ఉంది.

"ఇది పాతదైపోయింది మిస్ ఐవరీన్. తీసేసి కొత్త రేకు వేస్తాలే" అంది జోనెల్.

"నీ నోట్లో పంచదార పొయ్య! నాకెవరున్నారే తల్లీ నువ్వు తప్ప. బిడ్డనిలా ఇవ్వు, కాస్త జావ పడతా."

బిడ్డ ఆమె ఒళ్లో జావ తాగుతుండగానే జోనెల్ పైకెక్కి అచ్చు ఊడబీకింది. చిల్లు మీద అట్టముక్క పరిచి దిగింది.

వింటన్ దాన్ని వెలుగుకెత్తి చూసి పకపకా నవ్వాడు. "ఏంటే పిల్లా, పాటకి సిలువేసి తెచ్చావు? ఒంటినిండా మేకు బొక్కలు! దీంతో రికార్డు ఎలా ఒత్తుతారు? పో, కోడిపెట్టకి గొడుగు పట్టు."

మెరుపు చూసిన కన్ను మేకుల్ని చూడలేదు.

అప్పుడే తీసుకెళ్లి బిగించేస్తే పోయేది. ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? కొత్త రేకేదే అంటే ఏం చెబుతుంది? రేపు, రేపు అనుకుంది. ముసలమ్మ అవతలి ఒడ్డు నుంచి చెయ్యూపితే చూడనట్టే తల దించుకుపోయేది.

ఈ మధ్యాహ్నం కొండల మీద మబ్బు నల్లగా కమ్మి కురిసింది. జోనెల్ బిడ్డను చంకనేసుకుని, అచ్చు చేతబట్టి పరుగెత్తింది. అప్పటికే కాలువ ఒడ్లొరసి పారుతోంది. కాలువ దాటే చెక్కపలక కొట్టుకుపోయింది.

"దిగకే పిచ్చిమొహమా! చంకలో పసిగుడ్డు!" చేపలమ్మే మార్వా భుజం పట్టి వెనక్కి లాగింది.

"అట్టముక్క పెట్టానక్కా! ఆమె నెత్తిమీద అట్టముక్క పెట్టొచ్చాను!"

"ఎవరి నెత్తిమీదే?"

జోనెల్ ఏడుస్తూ అంతా చెప్పేసింది. విన్నకొద్దీ మార్వా చెయ్యి భుజం మీంచి మెల్లగా జారిపోయింది.

అవతల తలుపు మూసే ఉంది. ఎంత అరిచినా గొంతు నీళ్లహోరు దాటడం లేదు.

ఇది చదివే మీరు ఆ అవతలి ఒడ్డున ఉన్నవాళ్లయితే, జోనెల్‌ను తిట్టడం తర్వాత. ముందు వెళ్లి ఆ తలుపు తట్టండి. పలక్కపోతే తోసుకుని వెళ్లి, మిస్ ఐవరీన్ ఎలా ఉందో చూడండి.