గంటలో అయిపోయే మోటారు

కాలిన బోరు మోటార్లు బాగుచేసే షాపులు రాజగోపాల్‌కు మూడున్నాయి. మదనపల్లెలో పెద్దది, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. మూడూ బాగానే నడిచేవి, బెంగళూరు నుంచి అల్లుడు శేఖర్ సెలవుకు వచ్చి వాటిని ఉద్ధరించాలనుకునేదాకా.

"ఖర్చు తగ్గాలంటే ఒకటి మూసేద్దాం మామా. ఏది మూయాలో ఈ కాన్‌బాన్ బోర్డే చెబుతుంది" అన్నాడు.

పని ఎక్కడిదాకా వచ్చిందో చూపే బోర్డు అది, షాపుకొకటి. దాని మీద మూడు గళ్ళు: వచ్చినవి, చేస్తున్నవి, అయిపోయినవి. మోటారుకో చీటీ. చీటీ రెండో గడిలోకి వెళ్ళినప్పటి నుంచి మూడో గడి చేరేదాకా పట్టిన కాలమే షాపు వేగం. పుంగనూరు, కుప్పాలలో ఎవరు నిదానమో వాళ్ళ షాపుకు బీగం.

పుంగనూరు షాపు చూసుకునే మురళికి గుండెల్లో రాయి పడింది. ఇది పోతే మళ్ళీ బెంగళూరు గోడౌన్లో మూటలు మోయడమే. పాపం, తెలివి లేనివాడైనా బాగుండేది. ఉంది, అదే వచ్చిన చిక్కు.

"నారాయణప్పా, చీటీ యాల జరుపుతాండావు?" అని మెకానిక్ చేయి పట్టుకున్నాడు.

"మోటారు ఇప్పుతాండా గదప్పా?"

"ఇప్పు. కాలిన తీగ పీకు, కొత్తది చుట్టు. చీటీ మాత్రం ఆడే ఉండనీ. అంతా బిగించి నడిపి సూసేటప్పుడు జరుపుదాం."

"అంటే అంతవరకూ నేను చేసేది పని కాదా?"

"కాదు."

నారాయణప్ప చీటీని మళ్ళీ మొదటి గడిలో పెట్టాడు.

తిమ్మిని బమ్మిని చేయడమంటే ఇదే. నెల తిరిగేసరికి పుంగనూరులో మోటారు గంటలో అయిపోతోంది. కుప్పం షాపు చూసే అమరావతి, పిచ్చితల్లి, మోటారు విప్పగానే చీటీ జరిపేది. అక్కడ రెండు రోజులు. పుంగనూరు రైతులు మాత్రం ఎప్పటిలాగే వచ్చి, "ఇంగా కాలేదా?" అని తిట్టిపోయేవారు. తిట్లకు బోర్డులో గడి లేదు. శేఖర్ ఫోన్లో మురళికి శభాష్ చెప్పి, కుప్పం షాపు మూసేయమన్నాడు.

మర్నాడు పొద్దున్నే రాజగోపాల్ ఒక మోటారుతో పుంగనూరు షాపు ముందు వ్యాను దిగాడు. నిమ్మనపల్లె దగ్గర ఆయన టమాటా తోటలో మోటారు కాలింది.

"మదనపల్లెలో రెండు దినాలంటాండారప్పా. చెట్లు వాడిపోతాండాయి. మీకైతే గంటే గదా, ఈడే కూసుంటా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మురళి పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. టీ తెప్పించాడు. దోసె తెప్పించాడు. మళ్ళీ టీ. పక్కన నారాయణప్ప చెమటలు కక్కుతూ తీగ పీకుతున్నాడు. గంట దాటిపోయింది.

"ఏమప్పా, ఆ చీటీ ఇంగా మొదటి గడిలోనే ఉండాది?"

మురళి మళ్ళీ టీ చెప్పడానికి లేచాడు. నారాయణప్పే తలెత్తాడు. "ఇంగా మొదులుపెట్టలేదు సామీ."

"మరి నువ్వు పీకతాండేదేంది?"

"ఇది పని కాదంట."

రాజగోపాల్ బోర్డును చూశాడు, మురళిని చూశాడు. అరవలేదు. నాలుగు తిట్టినా బాగుండునని మురళికి అనిపించింది. ఆయన ఫోను తీశాడు.

"అమరావతమ్మా, బీగం ఏసేసినావా? తియ్యి తల్లీ. పుంగనూరు మోటార్లు గూడా ఇంక నీ దగ్గరికే. నారాయణప్పను పంపిస్తాండా. ఈయన పని చేస్తాడు."

"మరి నేను?" అన్నాడు మురళి.

రాజగోపాల్ చెయ్యి చాపాడు. మురళి జేబులోంచి షాపు బీగంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. పుంగనూరులో ఆ ఒక్క పని మాత్రం నిజంగానే నిమిషంలో అయిపోయింది.