ఏడు దేవతల వాడి పేజీ

ముఖం పేజీ పైకి రావాలట, సైట్‌లో హెల్మెట్ కింద, దుమ్ముగుడ్డ వెనక దాక్కునే ముఖం ఇక్కడ అన్నిటికంటే ముందు కనబడాలట, సరే జరుపుదాం అని మౌస్ పట్టుకున్నాను, వెనకే శ్రీలత మేడమ్, ఒమన్‌లో ఈ అల్ హైల్‌లో తను పనిచేసే డిజైన్ షాపు పైగదిలో శుక్రవారాలు మా ఆదిలాబాద్ కుర్రాళ్లకు ఊరికే వెబ్ పేజీలు నేర్పే మనిషి, ఎవరి గురించి వాళ్లే పేజీ చేసుకోండి అన్నదీ ఆవిడే, పోయిన శుక్రవారం చేశాను, కింద నా నంబరు వేసి మా వాళ్ల ఫోను గ్రూపులో కూడా పెట్టాను, అదే తంటా అయింది, ఏంది జంగూ, గింత కిందికి జరుపుకుంట పోతెగాని నువ్వు దొరకవా, చూసెటోళ్లకు ఓపిక ఉండద్దా అంది మేడమ్, నిజమే మరి, మొదట మా ఏడు దేవతలు, తర్వాత మెస్రం ఇంటిపేరు, ఆపైన తాత, అవ్వ, బాపు, అట్టడుగున నేను, మా గోండుల్లో ఎవడైనా తన గురించి చెప్పుకోవాలంటే అలాగే మొదలుపెడతాడు, కానీ సాయంత్రం షాపు ఓనరు నిసార్ అహ్మద్ సాబ్ వచ్చి ఈ పేజీలు చూసి ఒకరిని పనిలోకి తీసుకుంటాడు, మా కంపెనీతో మాట్లాడి పనిచేసే చోటు మారనిచ్చే రిలీజ్ కాగితం కూడా ఇప్పిస్తాడట, అంటే ఎండలో సిమెంటు బస్తాలు బంద్, కూర్చుని చేసే పని, నాకు ఆ కుర్చీ కావాలి, సిగ్గు లేకుండా కావాలి, దేవతలను ఎంచి డిలీట్ నొక్కాను, తాతను కూడా, ఏ పిడుగూ పడలేదు, పైన ఇప్పుడు నా ముఖం ఒక్కటే, పాస్‌పోర్టు ఫొటోలోని బిత్తరచూపుతో.

అంతలో ఫోను, తెలియని నంబరు, ఎత్తితే గోండి మాట, నేను సోనేరావును, గీ ఒమన్లనే ఇబ్రి ఊర్ల తోటపని, మనోళ్ల గ్రూపుల నీ పేజీ తిరుగుతుంటె పోయిన వారం చూసిన, నువ్వు ఏడు దేవతలోడివి, నాది ఆరు, అయితె నాకు బావవే గదా, అవును, దేవతల లెక్క ఒకటే అయితే అన్నదమ్ములం, వేరైతే వియ్యమందుకునేవాళ్లం, ఎక్కడ కలిసినా మేం ముందు తేల్చుకునేది అదే, వరుస కుదిరిందో లేదో ఆటపట్టించడం మొదలుపెట్టాడు, ఫొటోల గంత బక్కగున్నవేంది బావా, నీకు పిల్లనిచ్చెటోడు ఎవడు, పకపకా నవ్వాను, మేడమ్ వింతగా చూసింది, సైట్‌లో నన్ను ఏయ్ హెల్పర్ అంటారు, రూమ్‌లో భాయ్ అంటారు, ఒమన్ వచ్చాక వరుస పెట్టి పిలిచినవాడు వీడొక్కడే, కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాబ్ వచ్చె యాళ్లయింది, మార్చినవా జంగూ అంది మేడమ్, తీసేసినవన్నీ ఎక్కడివక్కడ పెట్టేశాను, లేదు మేడమ్, మార్చను అన్నాను, కుర్చీ పోతే పోవచ్చు, బాధే, రేపు మళ్లీ బస్తాలే, అయినా పేజీ తెరిచినవాడికి ముందు తెలియాల్సింది నన్ను ఏమని పిలవాలో, ముఖం తర్వాత చూసుకుంటాడు.