దానయ్య పాటలున్న డిస్కు

కంప్యూటర్‌ను నడిపే లినక్సు సిస్టమ్ ఎక్కించే ముందు డిస్కును రెండు భాగాలు చెయ్యాలని ప్రసన్నకుమార్ గుంటూరులో తన దగ్గర కంప్యూటర్ నేర్చుకునే వాళ్లందరికీ నూరిపోసేవాడు. సిస్టమ్‌కొక భాగం, మన ఫైళ్లకొక భాగం. రేపు సిస్టమ్ పాడైతే దాని భాగం తుడిచి మళ్లీ ఎక్కించుకోవచ్చు, మన ఫైళ్ల జోలికి ఏదీ రాదు. ఊరందరికీ చెప్పిన పెద్దమనిషి తన సొంత చర్చి కంప్యూటర్ దగ్గరే తప్పాడు.

తప్పడానికి కారణం లేకపోలేదు. పెదకాకాని పక్క పల్లెలో వాళ్ల చర్చి. అక్కడ నలభై ఏళ్లుగా పాటలెత్తుతున్న దానయ్యకు గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్‌కు ముందే ఆ గొంతును రికార్డు చేసి దాచాలని ప్రసన్న పట్టుబట్టాడు. ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్, అందులో నాలుగు జీబీల డిస్కు. దానయ్యేమో ఆఖరి చరణం దాకా పాడందే ఆగే మనిషి కాదు, పైగా పల్లవి మూడేసి సార్లు. పాటల భాగం నిండిపోతే "ఇక ఆపు పెదనాన్నా" అని ఏ నోటితో అంటాడు? అందుకని డిస్కంతా ఒకే భాగం చేశాడు. పాటలన్నీ పట్టాయి. సీడీల్లోకి తర్వాత ఎక్కిద్దాంలే అనుకున్నాడు. ఆపరేషన్‌తో దానయ్య గొంతు పోయింది, మూడు నెలలకు మనిషీ పోయాడు.

ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆ పాటలు వినిపిద్దామని ప్రసన్న పొద్దున్నే వచ్చి చూస్తే, కరెంటు కోతల దెబ్బకు సిస్టమ్ లేవలేదు. ఇదెంత పని అనుకున్నాడు పాపం. లినక్సు సీడీ పెట్టాడు, సిస్టమ్ భాగం తుడవమన్నాడు, కొత్తది ఎక్కించాడు. వందసార్లు చేసిన చెయ్యి తన పాటికి తాను చేసుకుపోయింది, కళ్లు ఎక్కడున్నాయో! అంతా అయ్యాక పాటల కోసం వెతికితే ఏమీ లేదు. ఈ ఒక్క డిస్కునే విడగొట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రామ్ నడిపితే ముక్కలు దొరికాయి గానీ ఒక్కటీ పాడలేదు.

ఇంతలో దానయ్య భార్య రెబ్కా వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే పని మానుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని, చెల్లెళ్లిద్దరినీ వెంటబెట్టుకొచ్చింది. పాటలు రికార్డు చేసిన రోజు మాత్రం ఆమె పనిలోనే ఉంది. ఆ రికార్డు వినడం ఇవాళే మొదటిసారి.

ప్రసన్న వెళ్లి ఆమె ముందు చాప మీద కూలబడ్డాడు.

"పాటలు పోయినయ్ పెద్దమ్మా. నేనే తుడిచేశా. చూసుకోలేదు."

"మళ్లీ రావా?"

"రావు."

తిడితే బాగుండుననిపించింది అతనికి. ఆమె తిట్టలేదు. కొంగుతో కళ్లొత్తుకుని అడిగింది.

"పోనీ, ఆ రోజు పక్కన కూర్చుని విన్నది నువ్వొక్కడివేగా. నువ్వు చెప్పు. ఎట్టా పాడాడు? నొప్పికి మధ్యలో ఆగాడా? మా పెళ్లినాడు పాడిన పాట పాడాడా?"

ఆ రోజు సాంతం ప్రసన్న రెప్పవేయకుండా చూసింది డిస్కులో ఇంకెంత ఖాళీ ఉందనే. పాట ఒక్కటీ చెవికెక్కలేదు.

"చెప్పయ్యా" అంది రెబ్కా, ఇంకాస్త దగ్గరికి జరిగి.